వెన్ను ఎక్స్‌రేలలో రెండేళ్ల తేడాను కొలవడం: ఎం-సాస్ స్కోరు వేసే పద్ధతి

ఆంకైలోజింగ్ స్పాండిలైటిస్ (వెన్నులో వాపు వచ్చి, క్రమంగా పూసలు ఎముకతో అతుక్కుపోయే జబ్బు) ఉన్నవారి ఎక్స్‌రే రిపోర్టులలో తరచుగా కనిపించే వాక్యం ఒకటుంది: ‘మునుపటితో పోలిస్తే మార్పులు స్వల్పంగా పెరిగాయి’. ఏ పూస దగ్గర పెరిగాయి, ఎంత పెరిగాయి అన్నది అందులో ఉండదు. రెండేళ్ల తరువాత మరో డాక్టరు అదే వాక్యం రాస్తే, ఆ రెండు ‘స్వల్పాలు’ కలిసి ఎంత అయ్యాయో చెప్పగలిగేవారు ఉండరు. ఈ చిక్కు తీర్చడానికే, పూసల మీద కనిపించే మార్పులకు అంకెలు వేసే స్కోర్లు పుట్టాయి. వాటిలో ఒకటి ఎం-సాస్. రుమటాలజీ, రేడియాలజీ విద్యార్థులను, థీసిస్ కోసం పాత ఎక్స్‌రేలను తిరగేస్తున్నవారిని ఉద్దేశించి ఇది రాస్తున్నాను. జబ్బు ఉన్నవారు చదివినా తమ ఎక్స్‌రేలో డాక్టరు ఏమి వెతుకుతున్నారో తెలుస్తుంది. అయితే స్కోరు వేసే పని మాత్రం శిక్షణ పొందిన కంటికే వదిలేయాలి.

ఒక మాట ముందే చెప్పాలి. ఒక్క ఎక్స్‌రేకు వేసిన స్కోరు వల్ల ఉపయోగం తక్కువ. ఒకే తీరున తీసి, ఒకే తీరున చదివిన రెండు ఎక్స్‌రేల మధ్య తేడాకే విలువ. కింద చెప్పే జాగ్రత్తలన్నీ ఆ ‘ఒకే తీరు’ కోసమే.

ఏ స్కోరు వాడాలి

ఇంగ్లండులోని స్టోక్ నగరం పేరుతో 1991లో ఒక స్కోరు వచ్చింది. అది నడుము పూసల ముందు మూలలనూ వెనుక మూలలనూ లెక్కించేది. పక్కనుంచి తీసిన ఎక్స్‌రేలో వెనుక మూలలు సరిగా కనిపించవు, పైగా మెడ ఆ లెక్కలోకే రాదు. తరువాత నెదర్లాండ్స్ పరిశోధకులు వెనుక మూలలను వదిలేసి మెడ పూసల ముందు మూలలను చేర్చారు. 2005లో ప్రచురితమైన ఆ సవరణే మోడిఫైడ్ స్టోక్ ఆంకైలోజింగ్ స్పాండిలైటిస్ స్పైనల్ స్కోర్. వాడుకలో దీన్ని ఎం-సాస్ అంటారు. మందుల పరీక్షలలో వెన్ను నష్టాన్ని కొలిచేది ఎక్కువగా దీనితోనే.

1998లో వచ్చిన బాత్ స్కోరు, అంటే బాస్రీ, ఇంకా సులువు. మెడకు ఒకటి, నడుముకు ఒకటి, త్రికాస్థి (నడుము పూసల కింద, కటి ఎముకల మధ్య ఉండే ఎముక) కీళ్లకు ఒకటి చొప్పున గ్రేడులు ఇస్తే చాలు. రోజువారీ క్లినిక్‌లో జబ్బు ఏ దశలో ఉందో చెప్పడానికి అది సరిపోతుంది. కానీ గ్రేడుల మధ్య మెట్లు పెద్దవి కావడం వల్ల రెండేళ్లలో వచ్చే చిన్న మార్పు దానికి చిక్కదు. కాలక్రమంలో మార్పును కొలవాలంటే ఎం-సాస్‌నే పట్టుకోవడం మేలు.

మొదటి అడుగు: ఎక్స్‌రే తీయించడం

స్కోరులో వచ్చే తప్పులలో ఎక్కువ భాగం ఎక్స్‌రే గదిలోనే మొదలవుతాయి. కావలసినవి రెండే ఎక్స్‌రేలు: మెడను పక్కనుంచి తీసినది, నడుమును పక్కనుంచి తీసినది. ఎదురుగా తీసినవి ఈ స్కోరుకు అక్కరలేదు.

మెడ ఎక్స్‌రేలో రెండో పూస కింది అంచు నుంచి మొదటి ఛాతీ పూస పై అంచు వరకు కనిపించాలి. ఈ చివరి అంచే చాలాసార్లు భుజాల నీడలో మునిగిపోతుంది. భుజాలు వీలైనంత కిందికి దించమని, ఊపిరి వదిలి ఆగమని టెక్నీషియన్ చెప్పాలి. వెన్ను బిగిసిన మనిషికి అది కష్టమే, అయినా ప్రయత్నించాలి. నడుము ఎక్స్‌రేలో పన్నెండో ఛాతీ పూస కింది అంచు, త్రికాస్థి పై అంచు రెండూ పడాలి. మూడో నడుము పూస మీద కేంద్రీకరిస్తే రెండు చివరలూ అందుతాయి.

మనిషి నిలబడ్డాడా పడుకున్నాడా, ట్యూబు ఎంత దూరంలో ఉంది అన్నది అభ్యర్థన పత్రం మీదే రాయించండి. మెడకు 180 సెంటీమీటర్లు, నడుముకు 100 సెంటీమీటర్లు అన్నది మామూలు దూరం. రెండేళ్ల తరువాత అదే స్థితి, అదే దూరం ఉండాలి. నడుము కొద్దిగా మెలిపడినా పూస అంచులు రెండేసి గీతలుగా కనిపిస్తాయి. అలాంటి ఎక్స్‌రేలో పూస మూలలో ముల్లులా మొలిచిన చిన్న ఎముక ఉందో లేదో తేల్చడం వృథా శ్రమ.

అసలు డిజిటల్ ఫైలునే దాచుకోవాలి. ఫిల్మును ట్యూబులైటు ముందు పట్టుకుని ఫోనుతో తీసి వాట్సాప్‌లో పంపిన బొమ్మ మీద స్కోరు వేయకండి. సిండెస్మోఫైటు, అంటే పూస మూల నుంచి స్నాయువు దారిలో పెరిగే సన్నని ఎముక, మొదట్లో ఒక గీత మందం కూడా ఉండదు. ఫోటోలో ముందుగా మాయమయ్యేది అదే.

ఎంత కాలానికి ఒకసారి? ఎక్స్‌రే మళ్లీ తీస్తే రెండేళ్లకంటే తరచుగా వద్దని 2015 నాటి యూరోపియన్ సిఫార్సులు చెబుతున్నాయి. రేడియేషన్ ఒక కారణం. కొత్త ఎముక నెమ్మదిగా పెరగడం మరో కారణం. ఏడాదిలో వచ్చే మార్పు, చదవడంలో దొర్లే పొరపాటు దాదాపు సమానంగా ఉంటాయి. ఆరు నెలలకోసారి తీయించేవారు కొలుస్తున్నది తమ పొరపాట్లనే.

రెండో అడుగు: పట్టిక గీసుకోవడం

మెడలో 12 మూలలు, నడుములో 12 మూలలు, మొత్తం 24. మెడ జాబితా రెండో పూస కింది మూలతో మొదలై, మూడు నుంచి ఏడు వరకు ఒక్కో పూసకు పై మూల, కింది మూల చొప్పున సాగి, మొదటి ఛాతీ పూస పై మూలతో ముగుస్తుంది. నడుము జాబితా పన్నెండో ఛాతీ పూస కింది మూలతో మొదలై, ఐదు నడుము పూసల మీదుగా త్రికాస్థి పై మూల దగ్గర ఆగుతుంది. వీటిని 24 వరుసలుగా రాసి, ప్రతి ఎక్స్‌రే తేదీకి ఒక నిలువు వరుస కేటాయించండి. మొత్తం మాత్రమే రాసి వివరాలు వదిలేసే అలవాటు ఉంది. దానివల్ల ఎంత నష్టమో తరువాత చూద్దాం.

నడుములో ఆరో పూస ఉన్నవారు, లేదా ఐదో పూస త్రికాస్థితో కలిసిపోయినవారు అప్పుడప్పుడు తగులుతారు. అలాంటప్పుడు పూసలను ఎక్కడినుంచి లెక్కపెట్టారో పట్టిక పైనే రాసి పెట్టండి. లేకపోతే రెండోసారి చదివేవారు ఒక పూస పక్కకు జరిగి లెక్కిస్తారు.

మూడో అడుగు: 0, 1, 2, 3

ప్రతి మూలకూ ఒక అంకె వేయాలి. మామూలుగా ఉంటే 0. ఎముక కొరికినట్టు ఉన్నా, తెల్లగా గట్టిపడి మెరుస్తున్నా, పూస చతురస్రంగా మారినా 1. సిండెస్మోఫైటు మొలిస్తే 2. అది ఎదుటి పూస నుంచి వచ్చిన ఎముకతో పూర్తిగా కలిసి వంతెన కడితే 3. ఒకే మూలలో రెండు మార్పులుంటే పెద్ద అంకెనే తీసుకోవాలి. మొత్తం 0 నుంచి 72 వరకు వస్తుంది.

అందరూ తడబడేది ‘1’ దగ్గరే. నడుము పూస ముందు అంచు మామూలుగా లోపలికి కొద్దిగా వంగి ఉంటుంది. పై మూల నుంచి కింది మూలకు ఒక సరళరేఖ గీస్తే రేఖకూ ఎముకకూ మధ్య సన్నని సందు కనిపించాలి. ఆ సందు పోయి అంచు నిటారుగా మారితే అదే చతురస్రీకరణ. మెలిపడిన ఎక్స్‌రేలో ఆ సందు దానంతట అదే తగ్గినట్టు కనిపిస్తుంది కనుక, ముందు ఎక్స్‌రే నాణ్యత చూసుకుని తరువాతే అంకె వేయండి. మెడ పూసలకు ఈ చతురస్రీకరణను లెక్కలోకి తీసుకోరు. అక్కడ ఆరోగ్యవంతుల పూసలే దాదాపు చతురస్రంగా ఉంటాయి. మెడలో 1 వేయాలంటే కోతగానీ గట్టిపడటంగానీ కనిపించాలి.

వంతెనకు సంబంధించిన లెక్క మరొకటి. వంతెన కట్టిందంటే పై పూస కింది మూలకు 3, కింది పూస పై మూలకు 3. అంటే ఒక్క డిస్కు దగ్గర 6. రెండు ముళ్లు ఒకదానికొకటి చేరువై మధ్య వెంట్రుకంత సందు మిగిలినా అది వంతెన కాదు, రెండింటికీ 2 చొప్పునే. సందు ఉందా లేదా అని ఎక్కువసేపు తటపటాయిస్తుంటే తక్కువ అంకె వేయడం మంచిదని నా అభిప్రాయం. నిజంగా వంతెన అవుతుంటే వచ్చేసారి దాన్ని ఎలాగూ చూస్తారు. ఇవాళ తొందరపడి 3 వేస్తే వచ్చేసారి స్కోరు వెనక్కి నడవాల్సి వస్తుంది.

నాలుగో అడుగు: మోసపుచ్చే ఎముకలను పక్కన పెట్టడం

పూస ముందు కనిపించే ప్రతి ముల్లూ సిండెస్మోఫైటు కాదు. వయసుతో వచ్చే ఆస్టియోఫైటు అడ్డంగా ముందుకు పొడుచుకొస్తుంది, సిండెస్మోఫైటు నిలువుగా పాకుతుంది. పూస ముందు అంచుతో 45 డిగ్రీలకు లోబడి ఉంటే సిండెస్మోఫైటు, మించితే ఆస్టియోఫైటు అన్నది పరిశోధకులు వాడే గీటురాయి. డిస్కు కుదించుకుపోయి, పూస పలక దగ్గర అరుగుదల కనిపిస్తుంటే అనుమానం ఆస్టియోఫైటు వైపే మొగ్గాలి.

డిష్ అనే మరో స్థితి ఉంది. యాభై దాటినవారిలో, ముఖ్యంగా మధుమేహం ఉన్నవారిలో కనిపిస్తుంది. ముందు స్నాయువు వెంట మందపాటి ఎముక వరుసగా కనీసం నాలుగు పూసల మీదుగా ప్రవహించినట్టు సాగుతుంది. డిస్కుల ఎత్తు తగ్గదు, త్రికాస్థి కీళ్లు బాగానే ఉంటాయి. ఇలాంటి వెన్నుకు ఎం-సాస్ వేస్తే మూలమూలకూ 3లు పడతాయి. రోగికి ఆంకైలోజింగ్ స్పాండిలైటిస్ అసలు ఉందా అని స్కోరు ఎప్పుడూ అడగదు. ఆ ప్రశ్న మీరే ముందుగా అడగాలి. త్రికాస్థి కీళ్లను చూసి, 1984 నాటి సవరించిన న్యూయార్క్ ప్రమాణాల ప్రకారం రెండు వైపులా కనీసం రెండో గ్రేడు, లేదా ఒక వైపు కనీసం మూడో గ్రేడు మార్పు ఉందని తేల్చుకున్నాకే ఎక్స్‌రేలో జబ్బు నిర్ధారణ అయినట్టు.

తెలుగు జిల్లాలలో ఎక్స్‌రేలు చదివేవారికి మరో పరీక్ష ఉంది, అది ఫ్లోరోసిస్. నల్లగొండ, ప్రకాశం జిల్లాల పేర్లు వినగానే గుర్తుకొచ్చే సమస్యే ఇది. అప్పటి మద్రాసు ప్రెసిడెన్సీలో, నేటి ప్రకాశం జిల్లా ప్రాంతపు గ్రామాలలో ఎముకల ఫ్లోరోసిస్‌ను వర్ణిస్తూ 1937లోనే వైద్య పత్రం వెలువడింది. లీటరు నీటిలో ఫ్లోరైడు 1.5 మిల్లీగ్రాములకు బాగా మించి ఉన్న బావినీళ్లు ఏళ్ల తరబడి తాగినవారికి వెన్ను బిగుస్తుంది, మెడ తిరగదు, నడక ముందుకు వంగుతుంది. ఎక్స్‌రేలో స్నాయువులు ఎముకగా మారి, పూసల మధ్య వంతెనలు కూడా కనిపిస్తాయి. ఇదంతా ఆంకైలోజింగ్ స్పాండిలైటిస్ లాగే ఉంటుంది.

తేడా పట్టించేది ఎముకల తెలుపు. ఫ్లోరోసిస్‌లో వెన్ను, కటి, పక్కటెముకలు సుద్దముక్కల్లా చిక్కబడి తెల్లగా మెరుస్తాయి. ముదిరిన ఆంకైలోజింగ్ స్పాండిలైటిస్‌లో దీనికి విరుద్ధంగా, వంతెనలు కట్టిన పూసలే పలచబడి ఉంటాయి. అనుమానం ఉంటే ముంజేతికి ఒక ఎక్స్‌రే తీయించండి. రెండు ఎముకల మధ్య ఉండే పొర గట్టిపడి, అంచులు ముళ్లుముళ్లుగా కనిపిస్తే ఫ్లోరోసిస్ వైపు బలమైన ఆధారం. రోగిని ఇప్పటి ఊరు కాదు, పెరిగిన ఊరు ఏదని అడగండి. హైదరాబాదులో ఇరవై ఏళ్లుగా శుద్ధి చేసిన నీళ్లు తాగుతున్నా, చిన్నతనంలో తాగిన బావినీళ్ల గుర్తులు ఎముకల్లో ఉండిపోతాయి. రెండు జబ్బులూ ఒకే మనిషిలో ఉండడం కూడా అసాధ్యం కాదు. అలాంటి రోగిని థీసిస్ లెక్కలోంచి తప్పించడమే నిజాయితీ.

ఐదో అడుగు: కనిపించని మూలలు

భుజం నీడలో పోయిన మూలకు 0 వేయడం చాలామంది చేసే పొరపాటు. కనిపించనిది మామూలుగా ఉన్నట్టు కాదు. పరిశోధనలలో పాటించే నియమం ఇది: మెడలోగానీ నడుములోగానీ మూడు మూలల వరకు కనిపించకపోతే, ఆ భాగంలో కనిపించిన మూలల సగటును వాటికి ఇస్తారు. మూడుకు మించి పోతే ఆ భాగానికి స్కోరే వేయరు.

ఒక ఊహా ఉదాహరణ చూద్దాం. ఒక యువకుడి మొదటి నడుము ఎక్స్‌రేలో పన్నెండో ఛాతీ పూస కింది మూలకు 2, మొదటి నడుము పూస పై మూలకు 1, రెండో పూస కింది మూలకు 1, మూడో పూస పై మూలకు 1 పడ్డాయి. నడుము మొత్తం 5. మెడలో ఐదో పూస కింది మూలకు 2, ఆరో పూస పై మూలకు 2, మిగతావి 0. మొదటి ఛాతీ పూస మూల కనిపించలేదు. పదకొండు మూలలకు 4 వచ్చింది కనుక సగటు 0.36. దాన్ని కలిపితే మెడ 4.36, మొత్తం 9.36.

రెండేళ్ల తరువాత పన్నెండో ఛాతీ పూసకూ మొదటి నడుము పూసకూ మధ్య వంతెన కట్టింది, ఆ రెండు మూలలకు కలిపి 6. మూడో పూస పై మూలలో ముల్లు మొలిచి 2 అయింది. రెండో పూస కింది మూల 1 దగ్గరే ఉంది. నడుము మొత్తం 9. మెడలో పాత అంకెలే, కానీ ఈసారి మొదటి ఛాతీ పూస మూల చక్కగా కనిపించింది, అక్కడ ముల్లు ఉంది కనుక 2. మెడ 6, మొత్తం 15. తేడా 5.64.

ఆ ముల్లు ఈ రెండేళ్లలో పుట్టిందా, పోయినసారే భుజం వెనుక దాగి ఉందా? చెప్పలేం. రెండుసార్లూ కనిపించిన మూలల వరకే తీసుకుంటే పెరుగుదల 4, అదంతా నడుములోదే. అందుకే ఒక రోగి పురోగతి గురించి మాట్లాడేటప్పుడు రెండు ఎక్స్‌రేలలోనూ కనిపించిన మూలలతో ఒక లెక్క, సగటు కలిపి మరో లెక్క వేసి, రెండూ పక్కపక్కన పెట్టమంటాను.

ఆరో అడుగు: ఎవరు చదవాలి, ఏ వరుసలో

పరిశోధన అయితే ఇద్దరు విడివిడిగా చదవాలి. రోగి పేరు, తేదీ, వాడుతున్న మందు వారికి తెలియకూడదు. ఇద్దరి స్కోర్ల సగటు తీసుకుని, మరీ తేడా వచ్చినచోట మూడో వ్యక్తిని పిలవాలి. ఏది ముందు ఎక్స్‌రే, ఏది తరువాతది అన్నది చెప్పాలా వద్దా అనే వాదన పాతదే. చెబితే కన్ను పెరుగుదల కోసమే వెతుకుతుంది. చెప్పకపోతే పొరపాట్లు రెండు దిక్కులా పడి, కొందరిలో స్కోరు తగ్గినట్టు వస్తుంది. పూర్తిగా ఏర్పడిన సిండెస్మోఫైటు దానంతట అది మాయమవడం నమ్మశక్యం కాదు కాబట్టి, ఆ తగ్గుదలల సంఖ్యే మీ పొరపాట్ల పరిమాణాన్ని చెబుతుంది. మందుల మధ్య పోలిక అయితే వరుస దాచి చదవడమే నాకు ఇష్టం. క్లినిక్‌లో ఒక్క రోగి కోసమైతే వరుస తెలిసే చదవండి, కానీ ఆ మాట రాసి పెట్టండి.

ఇద్దరి మధ్య పొందిక కొలిచేటప్పుడు థీసిస్‌లలో తరచుగా కనిపించే మోసం ఒకటి. మొత్తం స్కోర్ల మధ్య పొందిక 0.95 (1 అంటే పూర్తి ఏకీభావం) వచ్చిందని సంబరపడతారు. ఒక రోగికి 2, మరో రోగికి 60 ఉన్న గుంపులో పొందిక ఎక్కువ రావడంలో వింతేమీ లేదు. తేల్చాల్సింది మార్పు స్కోర్ల, అంటే ఒక్కో రోగి రెండు స్కోర్ల తేడాల, మధ్య పొందిక. అది ఎప్పుడూ తక్కువగానే వస్తుంది, దాన్నే రాయాలి.

ఆ తరువాత కనీసం ఎంత తేడా వస్తే నమ్మాలో మీ సొంత గణాంకాలతో లెక్కించండి. ఒక్కో రోగికి ఇద్దరు చదువరులు ఇచ్చిన మార్పు స్కోర్ల వ్యత్యాసం తీసి, ఆ వ్యత్యాసాల ప్రామాణిక విచలనం కనుక్కోవాలి. ఇద్దరి సగటును వాడుతున్నట్టయితే, దాన్ని 0.98తో గుణిస్తే వచ్చేదే హద్దు. దానికి లోబడిన మార్పును ‘పెరిగింది’ అనకూడదు.

ఏడో అడుగు: అంకె వెనుక ఏముందో చూడటం

నెదర్లాండ్స్, బెల్జియం, ఫ్రాన్సు రోగులను పన్నెండేళ్లపాటు గమనించిన ఒయాసిస్ అధ్యయనంలో ఎం-సాస్ సగటున రెండేళ్లకు రెండు యూనిట్లు పెరిగింది. ఈ సగటును ఒక్క రోగికి అంటగట్టడం తప్పు. కొందరిలో ఏళ్ల తరబడి ఏమీ మారదు, కొందరిలో దౌడు తీస్తుంది. మగవారిలో, సీఆర్‌పీ (ఒంట్లో వాపు ఎంత ఉందో చూపే రక్తపరీక్ష) ఎక్కువగా ఉన్నవారిలో, పొగతాగేవారిలో, అప్పటికే సిండెస్మోఫైట్లు ఉన్నవారిలో వేగం ఎక్కువ. వీటిలో మన చేతిలో ఉన్నవి సీఆర్‌పీని అదుపు చేయడం, సిగరెట్టు మాన్పించడం.

మూలల జాబితా ఎందుకు దాచమన్నానో ఇక్కడ తెలుస్తుంది. రెండు యూనిట్ల పెరుగుదల అంటే రెండు మూలల్లో చతురస్రీకరణ కావచ్చు, ఒకచోట కొత్త సిండెస్మోఫైటు కావచ్చు, ఉన్న రెండు ముళ్లు కలిసి వంతెన కావడం కావచ్చు. అంకె ఒకటే, రోగికి మాత్రం మూడూ ఒకటి కావు. మొదటిది పొరపాటు పఠనం అయ్యే అవకాశం ఎక్కువ. మూడోది జరిగిందంటే ఆ డిస్కు దగ్గర కదలిక ముగిసినట్టే. అందుకే రెండేళ్లలో ఎన్ని కొత్త సిండెస్మోఫైట్లు, ఎన్ని కొత్త వంతెనలు అన్నది మొత్తం స్కోరు పక్కన తప్పక రాయాలి.

మందు పనిచేస్తోందా అన్న ప్రశ్నకు ఈ అంకె త్వరగా జవాబివ్వదు. వాపును రేపే టీఎన్‌ఎఫ్ అనే ప్రోటీనును అడ్డుకునే మందులు ఇన్‌ఫ్లిక్సిమాబ్, ఎటనర్‌సెప్ట్, అడాలిముమాబ్ వాడినవారిని రెండేళ్ల తరువాత అవి వాడని ఒయాసిస్ రోగులతో పోల్చితే ఎం-సాస్‌లో తేడా కనిపించలేదు, నొప్పీ బిగుతూ మాత్రం బాగా తగ్గాయి. ఎక్కువ కాలం గమనించిన ఉత్తర అమెరికా పరిశీలన 2013లో వెలువడింది. టీఎన్‌ఎఫ్ మందులు వాడినవారిలో నష్టం ముదిరే అవకాశం సుమారు సగానికి తగ్గిందని, తొందరగా మొదలుపెట్టినవారికి ఎక్కువ మేలు జరిగిందని అది చెప్పింది. కాబట్టి ఒక్క ఎక్స్‌రేలో రెండు యూనిట్లు పెరిగిందని మందు మార్చేయడం తొందరపాటు. నొప్పి, ఉదయపు బిగుతు, సీఆర్‌పీ, గోడకు ఆనుకున్నప్పుడు తలకూ గోడకూ మధ్య దూరం, ఛాతీ విస్తరణ, ఇవన్నీ కలిపి చూడాలి.

ఈ స్కోరు చూడలేనివి

ఛాతీ పూసలు ఎం-సాస్‌లో లేవు, కొత్త ఎముక ఎక్కువగా పుట్టేది అక్కడే. పక్కనుంచి తీసిన ఎక్స్‌రేలో ఊపిరితిత్తులు, పక్కటెముకలు, భుజాలు అడ్డొచ్చి అవి స్పష్టంగా కనిపించవు కాబట్టి వదిలేశారు. పూసల వెనుక ఉండే చిన్న కీళ్లదీ అదే పరిస్థితి. మీ రోగి స్కోరు కదలకుండా వెన్ను మాత్రం బిగుసుకుపోతుంటే ఆయన మాటే నమ్మండి. తక్కువ డోసు సీటీతో వెన్నంతటినీ 0 నుంచి 552 వరకు కొలిచే పద్ధతి ఉంది. అది మార్పును బాగా పట్టుకుంటుంది, కానీ రేడియేషన్ ఎక్కువ, ఖర్చూ ఎక్కువ. ప్రస్తుతానికి పరిశోధనకే తగినది.

చివరిగా, స్కోరును పూర్తిగా పక్కన పెట్టాల్సిన సందర్భం. వంతెనలు కట్టిన వెన్ను ఒకే కర్రలా బిగిసి, లోపల ఎముక పలచబడి ఉంటుంది. బాత్రూములో జారినా, బండి గుంతలో పడి కుదుపు తగిలినా విరగవచ్చు, ముఖ్యంగా మెడ కింది భాగంలో. మామూలు ఎక్స్‌రేలో ఆ విరుగు చాలాసార్లు కనిపించదు. ఎం-సాస్ ఎక్కువగా ఉన్న రోగి చిన్నగా పడ్డాక కొత్త నొప్పి అంటే, ఎక్స్‌రే బాగుందని ఇంటికి పంపకూడదు. మెడ కదలకుండా, అతనికి అలవాటైన వంపులోనే ఆధారం పెట్టి అదే రోజు సీటీ తీయించాలి. కాళ్లు చేతులు తిమ్మిరెక్కినా బలం తగ్గినా ఎంఆర్‌ఐ కూడా చేయించాలి.